మైకులో చెప్పిన జబ్బు

మా అవ్వ వంటకు వంక పెట్టిన మనిషిని నేను చూడలేదు. కన్నకూతురి గొప్పలు అనుకుంటే అనుకోండి. మానుకోట స్టేషన్ రోడ్డులో రేకుల షెడ్డు కింద ఆమె నడిపిన మెస్సులో తిన్నవాళ్లు చాలామంది ఇంకా అక్కడే తిరుగుతున్నారు, అడిగి చూడండి. మా వైపు అమ్మను అవ్వ అంటాం. బాపు నా చిన్నప్పుడే పోయాడు. ఆ పొయ్యే మా ఇద్దరికీ దిక్కు. హాస్టల్ పిల్లలు, మిర్చి యార్డు హమాలీలు, కోర్టు పని మీద వచ్చి బస్సు తప్పినవాళ్లు, అందరూ మా దగ్గరే తినేవారు. పప్పుచారు, పచ్చిపులుసు, ఏదో ఒక కూర, చింతకాయ తొక్కు. పళ్లెంలో అన్నం వదిలేసి లేస్తే ఆమె ఊరుకునేది కాదు. "గా ముద్ద ఎవలకు ఇడిసినవ్ బిడ్డా" అంటూ పక్కన నిలబడేది. వాళ్లు నవ్వుకుంటూ మళ్లీ కూర్చునేవారు.

ఆ చేతి అన్నాన్ని ఊరు తినడం మానేసింది. ఆ సంగతే రాస్తున్నాను. ఇన్నేళ్లూ ఎందుకు రాయలేదంటే, రాయడానికి కూర్చుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. కోపం తగ్గాక రాద్దామని వాయిదా వేసుకుంటూ వచ్చాను. అది తగ్గేలా లేదు కాబట్టి ఇక రాసేస్తున్నాను.

మా రోడ్డు చివర ఒక డాక్టరు దవాఖాన ఉండేది. ఆయన జనగామ వైపు మనిషి, పెళ్లయ్యాక మానుకోట వచ్చి స్థిరపడ్డాడు. దవాఖాన అంటే ఒకటే గది, మధ్యలో పూల గుడ్డ తెర. తెరకు ఇటు బెంచీలు, అటు డాక్టరు. లోపల ఒకాయన కడుపునొప్పి గురించి ఆయన అడుగుతుంటే బయట బెంచీ మీద కూర్చున్నవాళ్లు జవాబు చెప్పేవారు. కారం బాగా తిన్నాడు సారూ, నిన్న దావత్‌లో చూసినం అని. లోపలి మనిషికి కూడా అది తప్పనిపించేది కాదు. నలుగురూ తలో మాట చెప్తే రోగం తొందరగా దొరుకుతుందన్నట్టు ఉండేది మా వాళ్ల వరస.

ఇంకో అలవాటు ఉండేది ఆ డాక్టరుకు. బజారులో ఎవరు ఎదురుపడినా బండి ఆపి వాళ్ల రోగాన్ని పలకరించేవాడు. షుగరు దిగిందా, గ్యాస్ తగ్గిందా, ఆఖరికి మొలలు ఎట్లున్నయని కూడా నడిబజారులో కూరగాయల బండి దగ్గర అడిగేవాడు. అడిగించుకున్న మనిషి సిగ్గుపడకపోగా ఇంటికొచ్చి గొప్పగా చెప్పుకునేవాడు. అంత పెద్ద డాక్టరయి ఉండి నన్ను యాదికుంచుకున్నడు అని. వరంగల్ డాక్టర్లు తలెత్తి మొహం కూడా చూడరు, మన డాక్టరుకు గర్వం లేదు అని ఊరంతా మెచ్చుకునేది. మెచ్చుకున్నవాళ్లలో మా అవ్వ మొదటిది. ఆమె కూడా అంతే కదా, అన్నం వడ్డిస్తూనే హమాలీల నడుంనొప్పుల దగ్గర నుంచి వాళ్ల పెళ్లాల గర్భసంచుల దాకా అడిగేది.

ఆ ఏడు ఎండాకాలం నుంచే ఆమెకు దగ్గు. కూర కలుపుతూ కలుపుతూ మొహం భుజం వైపు తిప్పుకుని దగ్గేది. పొయ్యి పొగ అనేది. వానలు పడ్డాక సాయంత్రాలు జ్వరం మొదలైంది. మనిషి సన్నబడి మణికట్టు దగ్గర ఉండాల్సిన గాజులు మోచేతి దాకా పాకుతున్నాయి. తిట్టి, అలిగి, ఒక పూట పొయ్యి వెలిగించకుండా మొండికేసి నేనే దవాఖానకు తీసుకుపోయాను.

ఎక్స్‌రే తీశారు, తెమడ పరీక్ష చేయించారు. ఫలితం తెచ్చుకోవడానికి మధ్యాహ్నం పూట పోయాం. ఆ వేళకు బెంచీలు ఖాళీగా ఉంటాయని ఆమె లెక్క. అప్పటికే ఆమెకు అనుమానం ఉన్నట్టుంది. డాక్టరు టి.బి. అని చెప్పాడు. భయపడే రోజులు పోయినయి, ఆర్నెల్లు గోళీలు మింగితే పోతది, గోళీలు సర్కారే పైసలు లేకుండ ముఫత్‌గ ఇస్తదని చెప్పాడు. అన్నంతో అంటుకోదు, దగ్గుతో అంటుకుంటుంది, మొదటి కొన్ని వారాలు జాగ్రత్తగా ఉండి, గోళీలు ఆపకుండా మింగితే ఆ తర్వాత ఎవరికీ భయం లేదని కూడా చెప్పాడు. అంతా విని అవ్వ అడిగింది ఒకటే.

"ఎవలకు చెప్పవు గద సారూ?"

"నేనెందుకు చెప్త అవ్వా" అన్నాడు డాక్టరు. నేను పక్కనే ఉన్నాను. ఆ మాట ఆయన మనస్ఫూర్తిగానే అన్నాడు. ఇప్పటికీ నేను కాదనను.

ఆమె భయానికి కారణం ఉంది. భూపాలపల్లి బొగ్గుబాయిలో పనిచేసే మా మేనమామకు ఇదే జబ్బు వచ్చింది, నేను బడికి పోయే రోజుల్లో. ఆయన మా ఇంటికి వస్తే అవ్వ ఆయనకొక పళ్లెం, ఒక గ్లాసు విడిగా పెట్టేది. కడిగాక వాటిని వంటింట్లోకి రానివ్వకుండా గడప బయట గూట్లో బోర్లించేది. సొంత తమ్ముడు. ప్రాణం పెట్టేది ఆయనంటే. అయినా అలాగే చేసింది, ఎందుకంటే అప్పుడు అందరూ అలాగే చేసేవారు. మామ ఒక్క మాట అనలేదు. చివరిసారి వచ్చినప్పుడు మాత్రం పళ్లెం, గ్లాసు తనే సంచిలో తెచ్చుకున్నాడు. మేము తెమ్మనలేదు. ఆ సంచి చూసి అవ్వ పెరట్లోకి పోయి ఏడ్చింది. అందుకని, ఊరికి తెలిస్తే ఏం జరుగుతుందో ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. సర్కారు గోళీలు ఇంటికిచ్చి పంపరు. మన పేరు రాసిన డబ్బా ఒకటి ఆరోగ్య కార్యకర్త దగ్గర ఉంటుంది. రోజు విడిచి రోజు పోయి ఆమె కళ్లముందు మింగి రావాలి. మా ఊరి సర్కారు దవాఖానలో పనిచేసేవాళ్లలో సగం మంది మా మెస్సులో తినేవాళ్లే. నర్సమ్మది మా గల్లీయే. అందుకని అవ్వ డాక్టరును బతిమాలి డోర్నకల్‌కు రాయించుకుంది. అక్కడ మా చిన్నమ్మ ఉంది, వాళ్లాయనది రైల్వే ఉద్యోగం. పొద్దున ప్యాసింజరుకు పోయి, గోళీలు మింగి, ఎదురుగా వచ్చే బండికి తిరిగొస్తే మధ్యాహ్నం అన్నాల వేళకు పొయ్యి దగ్గర ఉండొచ్చు. చెల్లెకు బాగలేదు, చూసి వస్తున్నానని ఊళ్లో చెప్పుకోవాలి. చిన్నమ్మను అడిగితే, నాకే ఆ జబ్బని చెప్పు అక్కా, నా దగ్గర ఎవలు తింటున్నరు గనుక అంది. అలాంటి మనిషి మా చిన్నమ్మ.

మొదటి వారాలు మెస్సు బందు పెట్టి అవ్వ డోర్నకల్‌లోనే ఉండిపోయింది. దగ్గు తగ్గి, ఇక వంట చేయొచ్చని డాక్టరు చెప్పాకే తిరిగొచ్చి పొయ్యి ముట్టించింది. ఈ మాట నేను గట్టిగా చెప్పాలి, ఎందుకంటే తర్వాత కొందరు, జబ్బు దాచిపెట్టి మాకు అన్నం పెట్టిందని నోరు పారేసుకున్నారు. ఆమె ఎవరికీ దగ్గు వడ్డించలేదు. ఊళ్లో వాళ్లేమో చిన్నమ్మ మీద జాలిపడి బత్తాయిలు, బ్రెడ్డు ప్యాకెట్లు ఇచ్చి పంపేవారు. అవ్వ వాటిని డోర్నకల్ దాకా మోసుకుపోయేది. చిన్నమ్మ ఒలిచి అవ్వ చేతే తినిపించేది. మేము ముగ్గురం ఆ బత్తాయిల మీద నవ్వుకున్న రోజులు కూడా ఉన్నాయి.

అంతలో తెలంగాణ కోసం సకల జనుల సమ్మె వచ్చింది. బళ్లు మూతపడ్డాయి, ఆఫీసులు మూతపడ్డాయి, బస్సులు డిపోల్లోంచి కదలలేదు. భూపాలపల్లిలో బాయిలు బందయ్యాయి. మా స్టేషన్ రోడ్డంతా టెంట్లు, డప్పులు, పాటలు. మా మెస్సులో పిల్లలు తినేదానికంటే మాట్లాడేదే ఎక్కువ. మా భాషను సినిమాల్లో రౌడీలకూ పనివాళ్లకూ పెట్టి నవ్వించుకున్న కడుపుమంట వాళ్లకే కాదు, నాకూ ఉంది. డిగ్రీ పరీక్షలు పోతే పోయాయి, నేను కూడా జెండా పట్టుకుని తిరిగాను. అవ్వ టెంట్లకు చాయ్ పంపేది.

ఆ తర్వాత రైళ్లు ఆపారు. జనగామలో పట్టాల మీద కూర్చున్నారు, మా దగ్గర కూర్చున్నారు, డోర్నకల్‌లో కూర్చున్నారు. అవ్వ పొద్దున్నే స్టేషన్‌కు పోయి ఖాళీ ప్లాట్‌ఫాం మీద చాలాసేపు కూర్చుని తిరిగొచ్చింది. ఆటోలు కూడా కదలడం లేదు. సమ్మె మనదే, ఆపిన రైలూ మనదే, ఎవరిని తిట్టాలి? గోళీలు ఒకసారి తప్పాయి, రెండుసార్లు తప్పాయి. మధ్యలో ఆపితే జబ్బు మొండికేస్తుందని డాక్టరు మొదటి రోజే చెప్పి ఉన్నాడు. ఆమెకు నిద్ర పట్టడం లేదు. పోనీ ఇక్కడి సర్కారు దవాఖానలో అడుగుదాం అంటే ససేమిరా అంది.

చివరికి నేను డాక్టరు దగ్గరకు పోయాను. ఆయన తెల్లకోటు వేసుకుని డాక్టర్ల టెంటులో దీక్షలో ఉన్నాడు. పక్కకు పిలిచి చెప్పాను. ఆయన వెంటనే లేచాడు. బండి తీసి, దారి పొడుగునా అడ్డంపెట్టిన రాళ్లు, ముళ్లకంపలు దాటుకుంటూ డోర్నకల్ పోయి, ఆరోగ్య కార్యకర్తతో మాట్లాడి గోళీలు తెచ్చి అవ్వ చేతిలో పెట్టాడు. తన ముందే మింగించాడు. అవ్వ ఆయన చేతులు పట్టుకుని కళ్లకద్దుకుంది. ఆ రోజు ఆయన మా పాలిట దేవుడు. ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ఆయన చెడ్డవాడైతే నా కోపం నాకింత బరువయ్యేది కాదు.

తర్వాత కొద్ది రోజులకే మా రోడ్డు మీద వంటా-వార్పు పెట్టారు. తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను, రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, అక్కడే వండి, అక్కడే అందరూ పంక్తిలో కూర్చుని తినడం. కులం లేదు, మతం లేదు, రోడ్డు బందు. ఇంటికొక పిడికెడు బియ్యం ఇచ్చారు. ఊళ్లో పెద్ద వంట అంటే మా అవ్వే కాబట్టి పెద్ద వంట గంజులు రెండు ఆమెకే అప్పగించారు, అన్నానికొకటి, పప్పుచారుకొకటి. పక్క పొయ్యి మీద, మా గల్లీలో అందరం ఆపా అని పిలిచే ముస్లిం అక్క బగారా అన్నం వండుతోంది. ఆపా వాళ్లది దర్జీ కుటుంబం, మా రెండిళ్లకూ మధ్య గోడ ఒకటే. ఇద్దరూ ఒకరి పొయ్యిలో ఒకరు కట్టెలు ఎగదోస్తూ, నీ ఉప్పు తక్కువ, నీ మసాలా ఎక్కువ అని ఆట పట్టించుకుంటున్నారు. అవ్వ జబ్బు పడ్డాక అంత హుషారుగా ఉండటం నేను చూసింది అదే మొదటిసారి. కొంగు నడుముకు చుట్టి, అంత పెద్ద గరిటెతో కలుపుతుంటే నాకు, మా అవ్వ నాకు తిరిగొచ్చింది అనిపించింది.

వంట అయ్యేలోపు మైకులో ఒక్కొక్కరూ మాట్లాడుతున్నారు. డాక్టరు వంతు వచ్చింది. మంచి మాటకారి ఆయన. పల్లెల్లో నీళ్లు లేని సంగతి చెప్పాడు, మందులు లేని దవాఖానల సంగతి చెప్పాడు. జనం చప్పట్లు కొడుతున్నారు. ఆ ఊపులో ఆయన చూపు పొయ్యిల వైపు తిరిగింది.

"గీ అవ్వను చూడుండ్రి" అన్నాడు. "ఒంట్ల టి.బి. జబ్బున్నది. రైళ్లు బందయి డోర్నకల్ పోరాక, గోళీలు అందక పరేషానయింది. అయినా రైళ్లెందుకు ఆపిండ్రని ఒక్క మాట అన్నదా? పొయ్యి ముంగట నిలబడి మనకు బువ్వ వండుతాంది. త్యాగమంటే గిది. గిసువంటి తల్లులు ఉన్నంక మన తెలంగాణ ఎట్ల రాదో చూస్త."

ఈలలు, చప్పట్లు, జై తెలంగాణ అని నినాదాలు. ఎవరో డప్పు అందుకున్నారు. ఆ రోజు వచ్చినన్ని చప్పట్లు మా అవ్వకు జీవితంలో ఎప్పుడూ రాలేదు. ఆమె గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. డాక్టరు వైపు చూడలేదు. జనం మొహాలు చూస్తోంది, ఒక్కొక్కటిగా.

పంక్తులు వేశారు. ఎవరూ ఏమీ అనలేదు. అదే నాకు ఇప్పటికీ మింగుడుపడనిది. ఒక్కరైనా మొహాన అనేస్తే నేను జుట్టు పట్టుకుని ఉందును. విస్తళ్లలో బగారా అన్నం వేయించుకున్నారు. నేను పప్పుచారు బకెట్ పట్టుకుని పోతే, కడుపు నిండింది చెల్లే అన్నారు, ఇంకా మొదటి ముద్ద పెట్టకముందే. చెయ్యి అడ్డం పెట్టారు. మా మెస్సులో రోజూ రెండుసార్లు మారు అడిగే హాస్టల్ నాయకుడు, ఇయ్యాల ఒక్కపొద్దు అక్కా అన్నాడు. వాడి విస్తరిలో బగారా అన్నం ఉంది. ఆపాకు సంగతి అర్థమై, నా గంజు అయిపోయింది, అక్క దగ్గర తినుండ్రి అని మూత పెట్టేసింది. జనం ఆమె గంజు వైపు, మా గంజు వైపు చూసి, నీళ్లు తాగి లేచారు.

డాక్టరు మాత్రం వచ్చి మా అన్నమే తిన్నాడు. రోడ్డు మీద చక్కగా బాసింపట్టు వేసుకుని, పప్పుచారు మారు పోయించుకుని, నీ చేతిల ఏముందో గని అవ్వా అంటూ తిన్నాడు. తన చుట్టూ ఇంకెవరూ ఆ అన్నం తినడం లేదని ఆయన చూడనే లేదు. అవ్వ ఆయనకు వడ్డించింది, ఎప్పటిలాగే మజ్జిగ పోసింది.

గంజు నిండా అన్నం అలాగే ఉండిపోయింది. హాస్టల్ పిల్లలు చాలా మర్యాదగా దాన్ని ఇంటిదాకా మోసిపెట్టారు. పక్క గల్లీ బర్రెలకు పెట్టాం. అవి తిన్నాయి.

ఆ తర్వాత మెస్సు మూతపడటానికి ఎన్నాళ్లో పట్టలేదు. అందులోనూ ఎవరూ ఏమీ అనలేదు. ఊరికి పోతున్నం అవ్వా అన్నారు, డాక్టరు పత్యం చెప్పిండు అన్నారు, సమ్మె గద, ఇంట్లనే తింటున్నం అన్నారు. దారిలో కనబడితే మాత్రం ఎక్కడ లేని గౌరవం. త్యాగశీలివి అక్కా అని దండం పెట్టి, దండం పెట్టిన చేతుల్ని దూరంగానే ఉంచుకునేవారు. నువ్వు రెస్టు తీసుకో అనేవారు. అవ్వ రోజూ వండేది. మధ్యాహ్నం దాటేదాకా గుమ్మం వైపు చూస్తూ కూర్చునేది. ఇక దాచేదేముంది గనుక గోళీలు మా ఊరి సర్కారు దవాఖానకే మార్పించుకుంది. గల్లీ నర్సమ్మ ముందే మింగేది.

ఒక రోజు నేను దవాఖానకు పోయి, బెంచీల నిండా జనం ఉండగా, తెర పక్కకు లాగి డాక్టరును అడిగేశాను. మా అవ్వ నీకేం చేసింది సారూ, నమ్మి చెప్పుకున్న ముచ్చట మైకుల పెడ్తవా అని. ఆయన నిజంగానే బిత్తరపోయాడు.

"నేను పొగిడిన గద బిడ్డా, తిట్టలేదు గద" అన్నాడు.

పొగిడితే ఏమైందో చెప్పాను. బర్రెల సంగతి కూడా చెప్పాను. ఆయన మొహం నల్లబడింది. అన్నంతో ఆ జబ్బు అంటదని నేనే అందరికీ చెప్తానన్నాడు. ఇంకా చెప్తవా అని అరిచి వచ్చేశాను. బెంచీల మీద వాళ్లు నన్నే తప్పుపట్టారట, దేవునసొంటి డాక్టరును అంత మాటంటదా అని.

కానీ ఆయన మారాడు. తెర తీసేసి అడ్డంగా గోడ కట్టించి చెక్క తలుపు పెట్టించాడు. ఒక్కొక్కరినే లోపలికి పిలిచి, తలుపు వేసి, మెల్లగా మాట్లాడటం మొదలుపెట్టాడు. బజారులో ఎదురుపడితే నమస్తే అని ఊరుకునేవాడు. మొలల సంగతి అడగడం మానేశాడు. దానికి ఊరు ఏమందో తెలుసా? డాక్టరుకు పైసలెక్కువై గర్వమొచ్చింది అంది.

గోళీల గడువు పూర్తయింది. తెమడ పరీక్షలో జబ్బు లేదని వచ్చింది. అవ్వ కొంచెం ఒళ్లు చేసింది, గాజులు మళ్లీ కిందికి దిగాయి. ఆ కాగితం పట్టుకుని, ఉతికిన చీర కట్టుకుని, డాక్టరు దగ్గరకు పోదాం పద అంది. ఎందుకో చెప్పలేదు. ఈసారి బెంచీలు నిండి ఉండే వేళ చూసుకుని పొద్దున్నే బయల్దేరింది. అక్కడే నాకు అర్థం కావాల్సింది.

లోపలికి పోగానే డాక్టరు లేచి తలుపు వేశాడు. కాగితం చూశాడు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. బయటికి వినబడకుండా, గుసగుసగా, జబ్బు పూర్తిగా పోయింది అవ్వా అన్నాడు.

"గట్ల మెల్లగ చెప్తే ఎట్ల బిడ్డా" అంది అవ్వ. "ఉన్నదని మైకుల చెప్పినవ్. పోయిందని ఎవలు చెప్పాలె?"

ఆయన తల వంచుకున్నాడు. అప్పుడు తప్పు చేసిన, మల్ల చెయ్యను అన్నాడు. రోగి ముచ్చట రోగికే చెప్పాలె, నలుగురిల చెప్పొద్దు, నాకు బుద్ధొచ్చింది అన్నాడు. అవ్వ వినలేదు.

"అది నా ముచ్చటనే గద. నా ముచ్చట నేనే చెప్పమంటున్న. బయటికొచ్చి చెప్పు."

నేను వద్దని చెయ్యి పట్టుకున్నాను. విదిలించుకుంది. ఆమె తనే తలుపు తీసి బయట నిలబడింది. డాక్టరు పాపం వెనకే వచ్చాడు. బెంచీల మీద ఉన్నవాళ్లందరి ముందు గొంతు సవరించుకుని, ఈ అవ్వకు టి.బి. ఉండె, ఆర్నెల్లు మందులు వాడింది, ఇప్పుడు అసలే లేదు, ఆమె చేతి బువ్వ నేను తిన్న, ఇంక గూడ తింట అన్నాడు. గట్టిగానే అన్నాడు. అవ్వ ఆయన పక్కన, పరీక్ష పాసైన పిల్లలా నిలబడి ఉంది.

బెంచీ మీద ఉన్నవాళ్లలో మా ఊరివాళ్లు ఇద్దరో ముగ్గురో. మిగతావాళ్లు పక్క ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు. వాళ్లకు మా అవ్వ ఎవరో తెలియదు, వంటా-వార్పు సంగతి తెలియదు. వాళ్ల చెవిన పడింది ఒకటే మాట. ఈ చివర కూర్చున్న ఒకామె పైట చెంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. ఒళ్లో ఉన్న బిడ్డను అటు తిప్పుకుని, బెంచీ మీద జరిగి కూర్చుంది. పక్కామె కూడా జరిగింది. అవ్వ అది చూసింది. నేను చూశాను. డాక్టరు కూడా చూశాడు.

మెస్సు దగ్గరికి వచ్చాక ఆమె అడిగింది, ఆ బిడ్డతల్లి ఏ ఊరిదో నీకు ఎరుకేనా అని. తొర్రూరు నుంచి వచ్చానని పక్కామెతో అంటుంటే విన్నానని చెప్పాను.

"అయితే ఇగ తొర్రూరు దాంక పోతది ముచ్చట" అంది, తాళం తీస్తూ.

మెస్సు మళ్లీ తెరవలేదు. నేను ఒక బట్టల షాపులో పనికి కుదిరాను. ఆమె ఇంట్లో మా ఇద్దరికే వండేది. చెయ్యి అలవాటు చొప్పున ఎక్కువ వండి, మిగిలింది చూసుకుని తనను తానే తిట్టుకునేది. ఆపా ఒక్కతే అప్పుడప్పుడూ గోడ మీద నుంచి గిన్నె చాపి, జర చారు పొయ్యి అక్కా అని అడిగి పోయించుకునేది.

ఆ తర్వాత రాష్ట్రం వచ్చింది. ఆ రోజు మా రోడ్డంతా రంగులు, పటాకులు, బోనాలెత్తినట్టు ఆడవాళ్లంతా కొత్త చీరలు. అందరూ కలిసి బగారా అన్నం, పరమాన్నం వండారు. మా ఇంటికొచ్చి అవ్వను పిలుచుకుపోయారు. నా కడుపు నిండిపోయింది, పోనీలే, ఇన్నాళ్లకు గుర్తొచ్చింది వీళ్లకు అనుకున్నాను. ఆమె చీర కొంగు నడుముకు చుట్టుకుని పొయ్యి దగ్గరకు నడిచింది. ఇద్దరు ముగ్గురు ఎదురొచ్చి, నువ్వు చాన చేసినవ్ అక్కా, ఇయ్యాల నువ్వు కూసోవాలె అని భుజాలు పట్టకుండా, మాటలతోనే నడిపించి టెంటు కింద కుర్చీలో కూర్చోబెట్టారు. మెడలో దండ వేశారు. డాక్టరు అక్కడే ఉన్నాడు. మైకు ఇస్తే తీసుకోలేదు.

వడ్డన మొదలైంది. ప్లాస్టిక్ పళ్లేలు పంచుతున్న అమ్మాయి మా వరసకు వచ్చింది. అవ్వ వద్దన్నట్టు చెయ్యి ఊపి, కుర్చీ కింద పెట్టుకున్న చేతిసంచి ఒళ్లోకి తీసుకుంది. దాంట్లోంచి మా ఇంటి స్టీలు పళ్లెం, గ్లాసు బయటికి తీసింది. ఆమెను ఎవరూ తెమ్మనలేదు. వడ్డించే అమ్మాయి ఒక్క క్షణం ఆగి అందులోనే పెట్టింది. అవ్వ ఒక్క ముద్ద కూడా వదలకుండా తిని, ఆ పళ్లెం ఇంటికి తెచ్చుకుని కడుక్కుంది.